గుమ్మం చెక్క చూసుకుని నేల ఎంచుకోండి: విజయవాడ, గుంటూరు ఇళ్ళకి టైల్స్, చెక్క రంగులు కుదుర్చుకునే పద్ధతి

ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ షాపుకి వెళ్ళేది దాదాపు ఆఖర్న కదా, అందుకే చాలామంది నేల రంగు అప్పుడే ఎంచుకుంటున్నాం అనుకుంటారు, కానీ మన వైపు ఇళ్ళల్లో అది ఎప్పుడో సగం తేలిపోయి ఉంటుంది. గోడలు పూర్తిగా లేవకముందే ముహూర్తం చూసి సింహద్వారం నిలబెడతాం, పసుపు రాసి బొట్లు పెట్టి మావిడాకులు కడతాం, ఆ గుమ్మం టేకుది అయితే ఇంట్లోకి వచ్చిన మొదటి రంగు ఆ టేకుదే. టైల్ నచ్చకపోతే ఇంకో టైల్ చూసుకోవచ్చు, గుమ్మం పీకి ఇంకోటి పెట్టలేం కదండీ. అందుకని ముందు చెక్క రంగు ఖాయం చేసుకుని, ఆ చెక్క ముక్క చేత్తో పట్టుకుని టైల్స్ చూడటానికి వెళ్ళండి. ఫ్లాట్ కొనుక్కున్నా ఇంతే, బిల్డర్ పెట్టిన తలుపులు ఏ రంగులో ఉన్నాయో అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

టేకు కోసిన కొత్తలో ఒక చోట పసుపుగా ఇంకో చోట కాస్త ఆకుపచ్చగా చారలు చారలుగా ఉంటుంది, చూసి కంగారు పడొద్దు, వెలుగు తగిలేకొద్దీ అదంతా సర్దుకుని బంగారు గోధుమ రంగుకి వచ్చేస్తుంది. లోపలి గుమ్మాలకి వేప వాడితే అది ఎరుపు వైపు ఉంటుంది, నల్లమద్ది అయితే ముదురు గోధుమ. ఖర్చు కలిసొస్తుందని ఒకే ఇంట్లో రెండు మూడు రకాల చెక్క వాడటం మామూలే, దాంట్లో తప్పేం లేదు గానీ అన్నిటినీ పాలిష్‌తో ఒకే రంగుకి తెచ్చేద్దాం అనుకుంటే మాత్రం అది కుదరదు, వేప మీద ఎంత స్టెయిన్ వేసినా అడుగున ఎరుపు తెలుస్తూనే ఉంటుంది. దానికంటే సింహద్వారం ఒక్కటీ సహజమైన టేకు రంగులో వదిలేసి లోపలివన్నీ కాస్త ముదురు వాల్‌నట్ షేడ్‌కి తీసుకెళ్తే కావాలనే చేసినట్టు ఉంటుంది, చూడటానికి హాయిగా ఉంటుంది.

కార్పెంటర్ దగ్గర గుమ్మాలు కోయగా మిగిలిన జానెడు ముక్కలు రెండు మూడు అడిగి దాచుకోండి, లేకపోతే అవి పొయ్యిలోకి పోతాయి. పాలిష్ మేస్త్రి వచ్చినప్పుడు ఆ ముక్కల మీదే ఒక దాని మీద ఉత్త క్లియర్, ఒక దాని మీద లైట్ వాల్‌నట్, ఇంకో దాని మీద ముదురు షేడ్ వేయించండి, అడుగున వేసే సీలర్ కోటుతో సహా ఫైనల్ కోటు దాకా పూర్తిగా వేయాలి. షేడ్ కార్డు చూసి చెప్తే సరిపోదు, కార్డు మీద రంగు వేరు మీ చెక్క మీద రంగు వేరు. ఇంకో సంగతి, ఆయిల్ వార్నిష్, మెలమైన్ లాంటి పాలిష్‌లు ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు తిరుగుతాయి, వాటర్ బేస్ పీయూ (పాలియురెథేన్) పాలిష్ అంతగా తిరగదు. కాబట్టి వార్నిష్ వేయిస్తుంటే ఈరోజు కనపడే రంగు కంటే రేపు ఇంకొంచెం పసుపుగా, ఇంకొంచెం ముదురుగా ఉంటుందని లెక్కేసుకునే టైల్ ఎంచుకోవాలి.

ఇప్పుడు టైల్ దగ్గరికొద్దాం. ఒక తెల్ల కాగితం, మామూలు ప్రింటింగ్ పేపర్ చాలు, టైల్ పక్కన పెట్టి చూడండి. విడిగా చూస్తే అన్నీ క్రీమే, అన్నీ గ్రే నే, కాగితం పక్కన పెట్టగానే ఒకటి పసుపు వైపు, ఒకటి గులాబీ వైపు, ఒకటి నీలం వైపు లాగుతున్నట్టు బయటపడతాయి. టేకుకి పసుపు ఛాయ ఉన్న క్రీమ్, ఐవరీ, బీజ్, లేత ఇసుక రంగు ఇవన్నీ కళ్ళు మూసుకుని కుదురుతాయి. వేపకి, ఎరుపు ఎక్కువున్న చెక్కకి గులాబీ ఛాయ టైల్ వేస్తే మొత్తం గది ఎర్రబడిపోద్ది, అక్కడ తెలుపుకి దగ్గరగా ఉన్న ఐవరీ మంచిది.

గ్రే గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఏ ఫ్లాట్‌లో చూసినా అదే. పోరంకిలో మా వదిన వాళ్ళు హాల్ అంతా నీలం ఛాయ ఉన్న గ్రే టైల్, 2×4 అడుగులది, నిగనిగలాడేది వేయించారు, టైల్ విడిగా చూస్తే చాలా బాగుంటుంది. కానీ దాని పక్కన టేకు తలుపు నారింజ రంగులోకి వెళ్ళిపోయింది, నిజంగా తలుపు రంగేం మారలేదు, నీలం పక్కన పెడితే పసుపు గోధుమ రంగు ఇంకా రెచ్చిపోయి కనపడుతుంది అంతే. వచ్చిన చుట్టాలందరూ తలుపులకి కొత్తగా రంగేశారా అని అడిగేవాళ్ళు. టైల్స్ పగలగొట్టలేరు కదా, తలుపు గీకించి కాస్త ముదురు వాల్‌నట్ స్టెయిన్ వేయించారు, తెల్ల ట్యూబులు తీసి 4000 కెల్విన్ బల్బులు, అంటే మరీ తెలుపూ మరీ పసుపూ కాని వెలుగువి, పెట్టారు, సోఫా కింద ఇసుక రంగు కార్పెట్ పరిచారు, ఇప్పుడు చక్కగా కలిసిపోయింది. గ్రే మీద అంత ఇష్టం ఉంటే గోధుమ కలిసిన గ్రే ఉంటుంది, షాపుల్లో గ్రేజ్ అంటారు, అది తీసుకోండి, టేకుతో గొడవ పడదు.

చెక్క డిజైన్ టైల్స్, అదే ప్లాంక్ టైల్స్, 200×1200 మిల్లీమీటర్ల సైజులో వచ్చేవి, వీటి దగ్గర అందరూ చేసే పని టేకు తలుపు ఉంది కాబట్టి టేకు రంగు ప్లాంక్ వేద్దాం అనుకోవడం. వద్దు. ప్రింట్ చేసిన టేకు, అసలు టేకు పక్కపక్కన ఉంటే ఎంత దగ్గరగా ఉంటే అంత తేడా కొడుతుంది, కలపబోయి కలవనట్టు ఉంటుంది. తలుపు కంటే బాగా లేతగా ఉన్న ఓక్ రంగు గానీ, బాగా ముదురు గానీ తీసుకోండి, లోపలి ఛాయ మాత్రం అదే పసుపు వైపు ఉండాలి. నా ఓటు లేతకే. చిన్న గదులు, కిటికీలు తక్కువున్న ఫ్లాట్లు మనవి, ముదురు నేల వేస్తే పగలు కూడా లైటు వేసుకోవాలి. కొనేముందు డిజైన్ ఎన్ని పలకలకి ఒకసారి రిపీట్ అవుతుందో అడగండి, రెండు మూడే ఉంటే ఒకే కణుపు గది అంతా మళ్ళీ మళ్ళీ కనపడి అది చెక్క కాదని చెప్పేస్తుంది.

ఇంట్లో ఉన్న సామాను కూడా చెక్కే అని మర్చిపోతుంటారు. ఊరి నుంచి తెచ్చిన పందిరి మంచం, ఉయ్యాల బల్ల, పూజ మందిరం, డైనింగ్ టేబుల్, టీవీ యూనిట్, ఇవి కాక ఈ మధ్య యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలకి గోల్డెన్ ఓక్ ఫిల్మ్ వస్తుంది కదా అదొక చెక్క రంగు. ఒక గదిలో నిలబడి లెక్కపెడితే ఐదారు తేలతాయి. మూడు దాటకుండా చూసుకోండి, అందుకే కిటికీలు తెలుపో నలుపో తీసుకోమంటా, ఒక రంగు తగ్గుతుంది. ఇక తాత గారి మంచం ముదురు రంగులో ఒక్కటే విడిగా ఉందనుకోండి, అదే రంగు ఇంకో చోట, అద్దం ఫ్రేముకో సోఫా కాళ్ళకో రానిస్తే ఆ మంచం దిక్కులేనట్టు అనిపించదు.

కప్‌బోర్డుల మీద అతికించే లామినేట్ షీట్ కూడా ఇదే లెక్క, టేకుని అనుకరించే లామినేట్ టేకు పక్కన పెట్టకండి, సాదా ఐవరీ గానీ లేత మట్టి రంగు గానీ పెట్టేయండి. తలుపులు మాట్లాడనివ్వండి.

రంగు అయ్యింది, ఇక ఏ రకం నేల. మే నెలలో మధ్యాహ్నం నేల మీద చాప కూడా లేకుండా పడుకునే జనం మనం, పైగా పండగొస్తే బకెట్లతో నీళ్ళు పోసి కడుగుతాం, కాబట్టి అసలు చెక్క ఫ్లోరింగ్ మన దగ్గర కష్టం, ఎండల్లో కుంచించుకుపోయి వానల్లో ఉబ్బుతుంది. లామినేట్ ఫ్లోరింగ్ లోపల ఉండేది చెక్కపొడి నొక్కి చేసిన బోర్డు, జాయింట్లలోంచి నీళ్ళు దిగితే అంచులు లేచిపోతాయి, మళ్ళీ అణగవు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలబడ్డాయి కదా, అలాంటి నీళ్ళకి చెక్కపొడితో చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డ్ ఏదీ ఆగదు, లోతట్టు ఏరియాలో గ్రౌండ్ ఫ్లోర్ అయితే నేలకి టైల్ లేదా రాయి తప్ప ఇంకోటి ఆలోచించకండి, కింద కప్‌బోర్డులకి ఐఎస్ 710 మార్క్ ఉన్న (నీళ్ళకి తట్టుకునే మెరైన్ రకం) ప్లైవుడ్ వాడి నాలుగంగుళాలు గ్రానైట్ దిమ్మె మీద కూర్చోబెట్టండి. పై అంతస్తు బెడ్‌రూమ్‌లో చెక్క లుక్ కావాలంటే ఎస్‌పీసీ పలకలు (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేవి) వేసుకోవచ్చు, నీళ్ళకి పాడవ్వవు, కాకపోతే పడమర ఎండ నేరుగా పడే చోట సాగి పైకి లేస్తాయి, అక్కడ కర్టెన్ ఉండాలి, గోడ అంచున కంపెనీ చెప్పిన ఖాళీ వదలాలి.

విట్రిఫైడ్ టైల్, అంటే గాజులా గట్టిపడేలా కాల్చిన టైల్, నీళ్ళు పీల్చేది 0.5 శాతం లోపే, అందుకే మనకి అది సుఖం. అందులో డబుల్ చార్జ్ (రెండు పొరలు కలిపి నొక్కి చేసే రకం) అయితే రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, రోకలి పడి చిన్న పెచ్చు లేచినా అంతగా తెలీదు, పైన డిజైన్ ప్రింట్ చేసిన జీవీటీ (గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్) అయితే పెచ్చు లేచిన చోట లోపలి తెల్ల మట్టి కనపడుతుంది. గ్రానైట్ కావాలంటే మన పక్కనే చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ఉంది, గడపలకి మెట్లకి అద్భుతం, టేకు పక్కన నలుపు చాలా అందంగా ఉంటుంది, కానీ హాల్ అంతా పరిస్తే మాత్రం బోరు నీళ్ళ ఉప్పు మరకలు, పాదాల గుర్తులు పొద్దస్తమానం తుడుచుకోవాల్సిందే. మార్బుల్ చల్లగా బాగుంటుంది గానీ నిమ్మకాయ, చింతపండు పడితే మెరుపు పోద్ది, పసుపు పడితే మరక దిగుద్ది, ఆవకాయ పెట్టే ఇంట్లో వంటగదికి మార్బుల్ వద్దు. వంటగది టైల్స్ మధ్య తెల్ల సిమెంట్ కూడా వద్దు, మరకలు పట్టని ఎపాక్సీ గ్రౌట్ (సందులు నింపే రెసిన్ ముద్ద) వేయించండి. వాకిట్లో, బాల్కనీలో, బాత్రూముల్లో మ్యాట్ ఫినిష్, ఇంట్లో పెద్దవాళ్ళుంటే హాల్‌లో కూడా మ్యాటే.

బ్రాడీపేట, అరండల్‌పేట లాంటి చోట్ల పాత ఇల్లు చేతికొస్తే, కింద మొజాయిక్ గానీ ఎర్ర గచ్చు గానీ ఉంటే, దయచేసి కొట్టించే ముందు ఒక మూల మిషన్ పాలిష్ పెట్టించి చూడండి. ఆ పాత టేకు తలుపులు ఆ నేలకి జతగా పెట్టినవి, ఆ ఎరుపు పక్కన ముదిరిన టేకు ఎంత బాగుంటుందో పాలిష్ అయ్యాకే తెలుస్తుంది.

షాపులో ఫోకస్ లైట్ల కింద చూసి ఆర్డర్ ఇవ్వకండి. డిపాజిట్ కట్టి అయినా సరే రెండు పలకలు ఇంటికి తెచ్చుకుని, తలుపు పాదం దగ్గర నేల మీద పడుకోబెట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి లైట్లో చూడండి, నిలబెట్టి చూస్తే లెక్క తప్పుద్ది. 6500 కెల్విన్ తెల్ల ట్యూబు కింద టేకు పాలిపోతుంది, గ్రే ఇంకా నీలంగా కనపడుతుంది, 3000 బల్బు కింద క్రీమ్ టైల్ పసుపు ముద్దలా ఉంటుంది, హాల్‌కి 4000 మధ్యస్థంగా ఉంటుంది. ఏ లైట్లు పెడతారో ముందే అనుకుని ఆ లైటు కిందే చూడాలి.

వేయించేటప్పుడు విట్రిఫైడ్‌కి ఉత్త సిమెంట్ పాలు సరిగా పట్టుకోవు, నీళ్ళు పీల్చదు కదా, టైల్ అధెసివ్ వాడమనండి. ప్లాంక్ టైల్స్ సగానికి సగం జరిపి వేస్తానంటారు మేస్త్రిలు, ఒప్పుకోకండి, పొడుగు పలకలు మధ్యలో కాస్త ఉబ్బి ఉంటాయి, సగం దగ్గర కలిపితే అంచు కాలికి తగులుతుంది, మూడో వంతు జరిపితే సరిపోతుంది. పలకల పొడుగు కిటికీ వైపుకి వెళ్ళేలా వేయించండి. పాత టైల్స్ మీదే కొత్తవి వేయిస్తుంటే నేల లేచిన మందాన్ని బట్టి తలుపు కింద కోయాల్సి వస్తుంది, అలా కోసిన పచ్చి అంచుకి పాలిష్ పట్టకపోతే మొదటి వానాకాలానికే తేమ లాగి తలుపు బిగుసుకుంటుంది. తలుపు దింపి అడుగు అంచుకి రెండు కోట్లు పట్టించి మళ్ళీ ఎక్కించమనండి, పైనుంచి చూసే చోటు కాదు కాబట్టి అడక్కపోతే ఎవరూ చెయ్యరు. తలుపుల ఫైనల్ కోటు టైల్స్ పని అయ్యాకే వేయించాలి, లేకపోతే కోసేటప్పుడు లేచే దుమ్మంతా పాలిష్‌కి పట్టేస్తుంది.

టైల్స్ కొలతకి పది శాతం ఎక్కువ తెప్పించండి, డబ్బాలు దిగగానే అన్నిటి మీదా షేడ్ నంబర్, బ్యాచ్ నంబర్ ఒకటేనా చూసుకోండి, ఒక్క డబ్బా వేరే నంబర్ ఉన్నా మేస్త్రి ముట్టుకోకముందే వెనక్కి పంపేయాలి. మిగిలినవాటిలో ఒక డబ్బా అటక మీద దాచండి, తర్వాత ఎప్పుడైనా పైపు కోసం నేల పగలగొట్టాల్సి వస్తే అదే షేడ్ మళ్ళీ షాపులో దొరకదు.