పాత కరెంటు రైలు పెట్టెను చూసి గుర్తుపట్టడం ఎలా?

చికాగో వైపు ఉండే మనవాళ్ళకి అరోరా అంటే బాలాజీ గుడి. ఆ ఊరికీ చికాగోకీ మధ్య 1902లోనే కరెంటు రైళ్ళు నడిచాయి. ఊరికీ ఊరికీ మధ్య తిరిగే ఇలాంటి రైళ్ళని ఇంటర్‌అర్బన్ అనేవారు. ఈ లైన్లో ప్రయాణికుల రైళ్ళు 1957 జులై 3న ఆగిపోయాయి. కానీ 1902లో నైల్స్ కంపెనీ కట్టిన 20వ నంబరు పెట్టె సౌత్ ఎల్జిన్‌లోని ఫాక్స్ రివర్ ట్రాలీ మ్యూజియంలో ఇంకా భద్రంగా ఉంది. తప్పకుండా చూడాల్సిన పెట్టె అది.

ముందు రంగు సంగతి వదిలేయండి. రంగులు ఎన్నిసార్లయినా మారతాయి. చక్రాల పక్కన చూడండి. అక్కడ ఒక చెక్క దూలం, దాన్నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప ముక్క కనిపిస్తే, దాన్నే షూ అంటారు. రైలు పట్టాల పక్కన వేసిన మూడో పట్టా మీద జారుతూ 600 వోల్టుల డీసీ కరెంటు అందుకునేది అదే. దూలం చెక్కతో చేయడానికి కారణం, ఆ కరెంటు పెట్టె ఇనుముకి పాకకూడదు.

తర్వాత పైకప్పు చూడండి. అక్కడ పైన తీగ నుంచి కరెంటు అందుకునే పొడవాటి గడ, అంటే ట్రాలీ పోల్ కూడా ఉంటే, ఆ పెట్టె కొంత దూరం పైన తీగతోనూ నడిచిందన్నమాట. జనం తిరిగే వీధిలో, నేల మీద 600 వోల్టులు పెట్టలేరు కదా! పాత ఫొటోలో రైలు ఎటు పోతోందో కూడా పోలే చెబుతుంది. తీగను తాకుతున్న పోల్ వెనక్కి వాలి ఉంటుంది.

గోడల మీద వరసగా రివెట్లుంటే స్టీలు పెట్టె. ఈ లైన్‌కి 1923లో పుల్మన్ కంపెనీ కట్టినవి అలాంటివే. చెక్క పెట్టె అయితే ఒకసారి వంగి అడుగున చూడండి. చాలావాటికి పొడవునా ఇనుప కడ్డీలు, మధ్యలో తిప్పి బిగించే మరలు ఉంటాయి. కుంగిన నులక మంచానికి తాడు బిగించినట్టు, నడుము దిగిన పెట్టెను ఆ మరలు తిప్పి సరిచేసేవారు. నాకు మొత్తం పెట్టెలో బాగా నచ్చేది ఇదే.

చివరగా, పెట్టె కొసన లావు కేబుల్ తగిలించే సాకెట్ ఉందేమో వెతకండి. ఉంటే, ముందు పెట్టెలో డ్రైవర్ హ్యాండిల్ తిప్పగానే వెనక పెట్టెల మోటార్లూ కలిసి లాగేవి. ఈ పద్ధతిని ఫ్రాంక్ స్ప్రేగ్ 1897లో చికాగోలో వీధుల కన్నా ఎత్తున నడిచే ఎలివేటెడ్ రైలు కోసమే తయారుచేశాడు. ఈ రైళ్ళకి ముందు ఇంజను కనిపించకపోవడానికి కారణం ఆ సాకెట్టే.