మనది కాని రంగంలోని పరిశోధన పత్రాన్ని చదవడం ఎలా

పరిశోధన పత్రం ఏ రంగానిదైనా పైకి ఒకేలా కనిపిస్తుంది. శీర్షిక, రచయితల పేర్లు, సారాంశం, చివర ఆకరాల పట్టిక అన్నిటికీ ఉంటాయి. అయితే ఆ పత్రాన్ని నిలబెట్టేది గణితంలో నిరూపణ, ఆర్థికశాస్త్రంలో పోలిక, వైద్యంలో ట్రయల్, ఇంటర్నెట్ పాలనలో చాలావరకు అధికారిక పత్రాల చరిత్ర. కనుక కొత్త రంగంలోకి అడుగుపెట్టే పాఠకుడు అక్కడ దేన్ని ఆధారంగా ఒప్పుకుంటారో ముందుగా తెలుసుకుని, ఆ తరువాతే పత్రం చెప్పే మాటకు విలువ కట్టాలి.

మొదట పత్రం ఏ దశలో ఉందో చూడండి. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ ప్రారంభించిన ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ భాండాగారంలో గణిత పత్రాలు తోటి నిపుణుల సమీక్షకు ముందే కనిపిస్తాయి. గ్రిగరీ పెరెల్మాన్ పాయింకరే ప్రతిపాదనకు ఇచ్చిన నిరూపణ 2002, 2003 సంవత్సరాల్లో అక్కడే వెలువడింది. ఆయన దాన్ని ఏ పత్రికకూ పంపలేదు, అయినా ఇతర గణితవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలించి సరైనదని తేల్చారు. ఆర్థికశాస్త్రంలోనూ వర్కింగ్ పేపర్లు పత్రికలో అచ్చు కావడానికి చాలా ముందే చర్చలోకి వస్తాయి. వైద్యంలో మాత్రం ఇంత ఉదారంగా ఉండకూడదు: సమీక్ష జరగని పత్రాన్ని చూసి చికిత్స మార్చుకోవడం ప్రమాదకరం.

గణిత పత్రంలో సిద్ధాంత వాక్యాన్ని దాని షరతులన్నిటితో కలిపి చదవండి. ఒక్కో షరతును తీసివేస్తే నిరూపణ ఎక్కడ తెగుతుందో వెతకండి. చిన్న ఉదాహరణ ఒకటి తీసుకుని చేత్తో లెక్కవేయండి. నిరూపణ మొత్తం అర్థం కాకపోయినా ఈ పనితో సిద్ధాంతం దేని గురించో, దేని గురించి కాదో తెలుస్తుంది. ఆండ్రూ వైల్స్ 1993లో ఫెర్మా చివరి సిద్ధాంతానికి నిరూపణ ప్రకటించిన తరువాత అందులో లోపం బయటపడింది; రిచర్డ్ టేలర్ సహకారంతో అది 1994లో పూడింది. గణితంలో లోపం ఉంటే దాన్ని వేలుపెట్టి చూపవచ్చు. మిగిలిన మూడు రంగాలకూ ఆ సౌకర్యం అంతగా లేదు.

ఆర్థికశాస్త్రంలో అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ విధానం అమలు కాకపోయి ఉంటే ఏమయ్యేదని రచయిత ఎలా ఊహించారు? 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెరిగింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అక్కడి ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లోని ఉద్యోగాలను, వేతనం పెరగని తూర్పు పెన్సిల్వేనియా దుకాణాలతో పోల్చి, ఉద్యోగాలు తగ్గిన దాఖలా లేదని 1994లో ప్రచురించారు. ఈ ఫలితాన్ని అంగీకరించాలా వద్దా అన్నది పెన్సిల్వేనియా నిజంగా న్యూజెర్సీకి తగిన జోడీయేనా అన్న దానిపైనా, ఫోన్ సర్వేలో సేకరించిన వివరాలు ఎంత నమ్మదగినవన్న దానిపైనా ఆధారపడుతుంది. తరువాతి కాలంలో వేతన రికార్డులతో దీన్ని సవాలు చేసిన వారి వాదన కూడా ఈ రెండో చోటే మొదలైంది.

డేటా, లెక్కల ఫైళ్లు అందుబాటులో ఉంటే తెరిచి చూడండి. ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ 2010లో రాశారు. 2013లో మరో ముగ్గురు అదే డేటాను తిరిగి లెక్కగట్టి 2.2 శాతమని తేల్చారు. జనం నోట నిలిచింది స్ప్రెడ్‌షీట్ పొరపాటే గానీ, తేడాలో పెద్ద భాగం కొన్ని సంవత్సరాల డేటాను వదిలేయడం వల్ల, దేశాలకు ఇచ్చిన తూకం వల్ల వచ్చింది. కంటికి కనిపించే తప్పు కన్నా, సమర్థించుకోగలిగినట్టు కనిపించే ఎంపిక ఫలితాన్ని ఎక్కువగా మారుస్తుందని నా అభిప్రాయం.

వైద్య పత్రంలో ముందుగా ప్రధాన ఫలితం ఏదని ప్రకటించారో చూసి, ట్రయల్ ప్రణాళికను ముందుగానే నమోదు చేసే రిజిస్ట్రీలో ఉన్న దానితో సరిపోల్చండి. రెండూ వేరైతే, ఫలితాలు చూశాక గురిని జరిపి ఉండవచ్చు. ఆపై శాతాలను మనుషుల లెక్కలోకి మార్చండి. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒక్కరికే వస్తే ముప్పు 50 శాతం తగ్గిందనడం అబద్ధం కాదు. కానీ ఒక్కరికి మేలు జరగడానికి వెయ్యి మంది ఆ మందు వాడాలి. కొలిచిన ఫలితం రోగికి పనికొచ్చేదేనా అన్నది ఇంకా ముఖ్యం. గుండెపోటు తరువాత వచ్చే లయ తప్పిన స్పందనలను అణచే మందులు ఆ పని చక్కగానే చేసేవి. వాటిని ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రతో, పోల్చిన కాస్ట్ (CAST) అనే ట్రయల్‌లో మాత్రం మందు తీసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువని 1989లో బయటపడింది. ఈసీజీ మెరుగుపడటం, మనిషి బతకడం ఒకటే కాదు.

ఇంటర్నెట్ పాలనలో ప్రయోగాలు అరుదు. ఇక్కడ తేదీ, హోదా చూడటమే సగం చదువు. ఇంటర్నెట్ పనితీరును వివరించే ఆర్ఎఫ్‌సీ (RFC) అనే పత్రాల పరంపర 1969లో మొదలైంది; అందులో ప్రమాణాలూ, ప్రయోగాత్మక ప్రతిపాదనలూ, కేవలం సమాచారం కోసం రాసినవీ కలిసే ఉంటాయి. పావురాల ద్వారా డేటా ప్యాకెట్లు పంపే విధానాన్ని వివరించే 1990 నాటి 1149వ ఆర్ఎఫ్‌సీ ఏప్రిల్ ఒకటి వేళాకోళం. ప్రచురించిన ఆర్ఎఫ్‌సీని మార్చరు, దాని స్థానంలో కొత్తది తెస్తారు. కాబట్టి ఉదహరించిన సంఖ్య ఇప్పటికీ అమల్లో ఉందో లేదో పేజీ పైభాగంలో చూడాలి. అలాగే డొమైన్ పేర్ల మూల వ్యవస్థపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణను చర్చించే వ్యాసం, ఆ ఒప్పందం ముగిసిన 2016 అక్టోబరు 1కి ముందుదా, తరువాతదా? రచయిత స్వయంగా, డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయపరిచే ఐకాన్ (ICANN) వంటి వేదికల్లో ఒక పక్షాన పాల్గొంటున్నారేమో కూడా కనుక్కోండి; అది తప్పు కాదు, కానీ ఆ వ్యాసం అప్పుడు చర్చలో ఒక వాదన కూడా అవుతుంది.

రచయితల వరుసను చూసి ఎవరు ఎక్కువ పని చేశారో నిర్ణయించకండి. గణితంలోనూ ఆర్థికశాస్త్రంలోనూ పేర్లు సాధారణంగా అక్షరక్రమంలో ఉంటాయి, వైద్యంలో మొదటి, చివరి స్థానాలకే బరువు.

ఉదహరించే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. పత్రం శీర్షికతో వెతికి, సవరణగానీ ఉపసంహరణగానీ వెలువడిందేమో చూడండి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ 12 మంది పిల్లల ఆధారంగా 1998లో లాన్సెట్‌లో వచ్చిన పత్రాన్ని ఆ పత్రిక 2010లో గానీ పూర్తిగా ఉపసంహరించలేదు. మీ దగ్గర ఎప్పుడో దాచుకున్న పీడీఎఫ్‌లో అలాంటి గుర్తు ఉండదు కనుక, ప్రచురణకర్త పేజీనే తెరిచి చూడాలి.