గిటార్ ఫ్రెట్‌బోర్డ్‌కు నూనె ఎలా పట్టించాలి?

శివరాత్రి దాటి ఎండలు ముదిరాక హైదరాబాద్‌లో చాలా గిటార్ల ఫ్రెట్‌బోర్డ్, అంటే మెడ మీద తీగల కింద వేళ్లు ఆనించే చెక్క పలక, పాలిపోతుంది. నల్లటి చెక్క మీద బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. మెడ పక్కగా చెయ్యి జరిపితే ఫ్రెట్ల (ఆ పలకలో అడ్డంగా దిగ్గొట్టిన లోహపు కమ్మీల) అంచులు గీసుకుంటాయి. గాలిలో తేమ తగ్గితే చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది, లోహం తగ్గదు, దాంతో ఆ అంచులు బయటికి పొడుచుకొస్తాయి. రాత్రంతా ఏసీ నడిచే గదిలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

నూనె సీసా తీసేముందు చెక్క ఏదో చూడండి. మేపుల్ బోర్డు అయితే, అంటే లేత పసుపు రంగులో గాజులా మెరుస్తుంటే, దానిమీద వార్నిష్ ఉన్నట్టే. నూనె లోపలికి దిగదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. రోజ్‌వుడ్, ఎబొనీలకు సాధారణంగా పూత ఉండదు. అయితే రంగు ఒక్కటే చూసి తేల్చేయకండి. రికెన్‌బాకర్ కంపెనీ బాస్ గిటార్లలో చాలావాటికి రోజ్‌వుడ్ మీద కూడా వార్నిష్ ఉంటుంది. చెక్కలోని సన్నటి గాట్లు విడిగా కనబడుతూ, మెరుపు లేకుండా ఉంటేనే నూనె.

ఇక ఏ నూనె? వంటింట్లోవి వద్దు. కొబ్బరినూనె, నువ్వులనూనె కొన్నాళ్లకు ముక్కిపోయి జిగురు కడతాయి. గిటార్ షాపుల్లో అమ్మే లెమన్ ఆయిల్ చాలావరకు మినరల్ ఆయిలే, కాస్త నిమ్మ వాసన కలుపుతారు. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ కూడా మినరల్ ఆయిలే, పైగా చవక. పేరు చూసి నిమ్మకాయ పిండేరు, అది ఆమ్లం! అవిసె నూనె వాడేవాళ్లు తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకూడదు. అది ఆరేటప్పుడు వేడెక్కి దానంతటదే అంటుకోగలదు. విప్పి, పరిచి ఆరబెట్టాలి.

తీగలు మార్చే రోజునే ఈ పని పెట్టుకోండి. ఫ్లాయిడ్ రోజ్ లాంటి తేలే బ్రిడ్జి (తీగలు కట్టే భాగం, స్ప్రింగులకూ తీగల బిగువుకూ మధ్య నిలబడేది) ఉంటే కింద ఏదైనా ఆనించాకే తీగలు విప్పాలి. బాస్ తీగలు ఖరీదు కాబట్టి మళ్లీ అవే వేస్తారు. వాటి చివరి చుట్లను సాగదీయకండి, విరుగుతాయి. మెడ కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టండి.

నిజానికి సగం పని శుభ్రం చేయడంలోనే ఉంది. ఫ్రెట్ పక్కన, లోహం చెక్కను తాకే చోట, చెమటా చర్మపు జిడ్డూ కలిసి నల్లటి మట్టిలా పేరుకుంటాయి. పాత ఏటీఎం కార్డు మూలతో దాన్ని మెల్లగా గీకండి, తర్వాత మెత్తటి టూత్‌బ్రష్‌తో ఫ్రెట్ వెంబడి తోమండి. ఇంకా మొండికేస్తే 0000 రకం స్టీల్ ఉల్‌తో (చాలా సన్నటి ఉక్కు పీచుతో) మెడ పొడవునా, చెక్క గీతల దారిలోనే రుద్దాలి. ఎలక్ట్రిక్ గిటార్ అయితే ముందుగా పికప్‌ల (తీగల కింద ఉండి వాటి కదలికను పట్టే భాగాల) మీద మాస్కింగ్ టేప్ అతికించండి, లేకపోతే వాటిలోని అయస్కాంతాలకు ఇనుప రజను అంటుకుని వదలదు. పొడి మొత్తం దులిపేశాకే నూనె.

నూనెను చెక్క మీద పోయకండి. పాత బనియన్ గుడ్డ మీద అయిదారు చుక్కలు వేసి ఒక్కో ఫ్రెట్ మధ్య రాయండి. బాస్‌కు ఇంకాస్త పట్టొచ్చు. రాసిన వెంటనే రంగు చిక్కబడడం తెలుస్తుంది, అది చూసి ముచ్చటపడి రెండోసారి పోసేవాళ్లే ఎక్కువ. పది నిమిషాలాగి పొడిగుడ్డతో గట్టిగా తుడిచేయండి. బొటనవేలు నొక్కితే జిడ్డు అంటుతోందా? మళ్లీ తుడవండి. మిగిలిపోయిన నూనె ఫ్రెట్ల కింది గాడుల్లోకి దిగి దుమ్మును పట్టుకుంటుంది తప్ప ఉపయోగం లేదు. అరగంట తర్వాత తీగలు ఎక్కించండి.

ఎన్నిసార్లు? నన్నడిగితే ఎండాకాలం ముందు ఒకసారి, దసరా తర్వాత పాలిపోయినట్టుంటే మరోసారి. వానాకాలంలో అసలు అవసరం లేదు. తీగలు మార్చిన ప్రతిసారీ పట్టించడం వృథా. పొడుచుకొచ్చిన ఫ్రెట్లు నూనెతో లోపలికి పోవు. చెక్కకు కావాల్సింది గాలిలో తేమ. గిటార్‌ను గోడకు వేలాడదీయకుండా కేసులో ఉంచి, లోపల తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. వానలు పడ్డాక కూడా అంచులు గీసుకుంటుంటే బాగుచేసేవాళ్ల దగ్గర ఆకురాయి పట్టించుకోవాలి.

చేతిలో నూనె గుడ్డ ఉంది కదా అని ఇంట్లో వీణ మెట్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఆ మెట్లు కూర్చున్నది మైనంలో. నూనె తగిలితే మైనం మెత్తబడి, మెట్టు కదిలి స్వరం తప్పుతుంది.