మీ చేతి మీదే రక్త ప్రసరణ చూడటం ఎలా?

గుండె బొమ్మ గీసి, నాలుగు గదులకి పేర్లు పెట్టి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయినవాళ్లమే అందరం. అసలు రక్తం తిరుగుతోందని ఎలా తెలిసిందో మాత్రం మాకెవరూ చెప్పలేదు. ఇంట్లోనే చూడొచ్చు. ఒక తువ్వాలు, సెకన్ల ముల్లున్న గడియారం, కాస్త మందంగా ఉన్న కాగితం చాలు. నరాలు తేలిన చెయ్యి ఉన్న తాతగారు ఎవరైనా దొరికితే ఇంకా మంచిది.

ముందు నాడి చూడండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, ఎడమ అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి మొదలుకి దిగువన మణికట్టు మీద కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఆనించండి. గట్టిగా నొక్కితే దొరకదు. బొటనవేలితో మాత్రం చూడొద్దు, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది కాబట్టి ఏది దేనిదో తెలీదు. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. పెద్దవాళ్లకి 60 నుంచి 100 మధ్య మామూలే.

ఇప్పుడు కాగితం మీద చిన్న లెక్క. గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి నెడుతుంది, టీ కొట్టు చిన్న గ్లాసుడు అనుకోండి. నాడి 72 అయితే నిమిషానికి 5 లీటర్లు, రోజుకి 7,200. ఇళ్లకి వేసే 20 లీటర్ల మంచినీళ్ల టిన్నులు 360 అన్నమాట! ఒంట్లో ఉన్న రక్తమేమో మొత్తం కలిపి 5 లీటర్ల చిల్లర. తిన్న తిండి నుంచి రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా పుడుతుందని నమ్మే రోజుల్లో, విలియం హార్వే అనే ఇంగ్లండు డాక్టరు ఇలాంటి లెక్కే వేసి, ఇంత రక్తం పుట్టే వీల్లేదు, ఉన్నదే చుట్టూ తిరుగుతోందని 1628లో పుస్తకం అచ్చేశాడు.

ఆయన చూపించిన రుజువే అసలు సరదా. మోచేతికి పైన తువ్వాలు కట్టండి, మణికట్టు దగ్గర నాడి ఆగిపోయేంత బిగించొద్దు. గుండె నుంచి రక్తం తెచ్చే ధమనులు లోతుగా, ఎక్కువ ఒత్తిడితో ఉంటాయి కాబట్టి రక్తం చేతిలోకి వస్తూనే ఉంటుంది, పైపైన ఉండే సిరల్లోంచి (మనం నరాలు అనేది వీటినే) వెనక్కి పోలేక అవి ఉబ్బుతాయి. ముంజేతి మీద అక్కడక్కడా చిన్న ముడుల్లా కనిపించేవే కవాటాలు, అంటే రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే తలుపులు. ఒక ముడికి దిగువన, అంటే మణికట్టు వైపు, సిరని ఒక వేలితో నొక్కి పట్టుకోండి. రెండో వేలితో అక్కణ్ణుంచి పైకి, ముడి దాటేదాకా రక్తాన్ని తోసి, ఆ పై వేలు తీసేయండి. మధ్య ముక్క ఖాళీగానే ఉండిపోతుంది, పైనున్న రక్తం కిందికి దిగదు. ఇప్పుడు కింది వేలు కూడా తీస్తే చటుక్కున నిండుతుంది. మా తాతగారు అయితే "ఏంట్రా, నా చేతి మీద కాలువలు తవ్వుతున్నావా?" అన్నారు. ఒకటి రెండు నిమిషాల్లో తువ్వాలు విప్పేయండి. డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ కలిపి కుట్టిన ఫిస్టులా ఉన్న చేతి జోలికి అసలు పోవద్దు.

తాతగారు అన్నదాంట్లో సగం నిజముంది. ధవళేశ్వరం దగ్గర మొదలైన పెద్ద కాలువ పిల్ల కాలువలుగా, బోదెలుగా చీలినట్టే ధమనులూ చీలుతాయి. పోటు నీళ్లు ఎగదన్నకుండా సముద్రం దగ్గర మురుగు కాలువలకి పెట్టిన స్లూయిజ్ తలుపుల్లాంటివే ఆ కవాటాలు. కానీ 1852లో ఆనకట్ట పూర్తయినప్పటినుంచీ మన కాలువల్ని నడిపేది నేల వాలు, చేను తడిపిన నీళ్లు చివరికి సముద్రంలో కలుస్తాయి. ఒంట్లో మురుగు కాలువ మళ్లీ గుండెకే వస్తుంది. కుడి వైపు దాన్ని ఊపిరితిత్తులకి పంపి ఆక్సిజన్ పట్టిస్తుంది, ఎడమ వైపు ఒళ్లంతా తోలుతుంది, అందుకే ఎడమ గోడ అంత మందం. కాళ్లలోంచి పైకి ఎక్కడానికి పిక్కల కండరాలు కూడా పిండాలి, రోజంతా కదలకుండా నిలబడే పనిలో ఉన్నవాళ్లకి కాళ్లు వాచేది ఇందుకే.

తర్వాత కాగితాన్ని గొట్టంలా చుట్టి ఎవరి ఛాతీకైనా ఆనించి వినండి. 1816లో లానెక్ అనే ఫ్రెంచి డాక్టరు అలాగే విన్నాడు, స్టెతస్కోప్ అక్కడే పుట్టింది. లబ్, డబ్ అని వినిపించేది గుండెలోని కవాటాలు మూసుకునే చప్పుడు.

చివరగా, మోకాళ్లు సహకరిస్తే ఏటిగట్టు రెండుసార్లు గబగబా ఎక్కి దిగి, వెంటనే నాడి చూడండి, ఐదు నిమిషాలాగి మళ్లీ చూడండి. పెరగాలి, తగ్గాలి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం అస్తవ్యస్తంగా ఉంటే టెన్షన్ పడకుండా డాక్టరు దగ్గరికెళ్లి ఈసీజీ తీయించుకోండి.