తొలిసారి యూరప్‌కు ఎలక్ట్రానిక్ సరుకు పంపే ముందు జాగ్రత్తలు

యూరప్‌కు తొలి ఆర్డరు పంపబోయే చిన్న తయారీదారులు ముందుగా ఎలక్ట్రానిక్ సరుకులో హానికర పదార్థాలకు ఐరోపా సమాఖ్య హద్దులు పెట్టిన ఆర్‌ఓహెచ్‌ఎస్ నిబంధనల్లోని లెక్కను సరిగా అర్థం చేసుకోవాలి. సీసం, పాదరసం, హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలోని ఒక విష రూపం), రెండు రకాల బ్రోమిన్ అగ్నినిరోధకాలు, నాలుగు థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) బరువులో ఒక్కొక్కటి 0.1 శాతానికి, కాడ్మియం 0.01 శాతానికి మించరాదు. ఈ శాతాన్ని పరికరం మొత్తం బరువు మీద కాక, ఇక విడదీయడానికి వీలులేని ఒక్కొక్క పదార్థం మీద కడతారు కనుక, రెండు కిలోల యాంప్లిఫయర్‌లో ఒక్క వైరు తొడుగు హద్దు దాటినా సరుకంతా హద్దు దాటినట్టే. ఈ నిబంధనలు 2006 జులై 1న అమల్లోకి రాకముందే, 2001 చివర్లో నెదర్లాండ్స్ అధికారులు తమ దేశపు కాడ్మియం నిబంధన కిందే సుమారు 13 లక్షల సోనీ ప్లేస్టేషన్లను నిలిపివేశారు. తప్పు దొరికింది కేబుళ్లలోనే.

మన వర్క్‌షాపుల్లో అసలు ప్రమాదం రిపేరు బల్ల దగ్గర ఉంటుంది. 37 శాతం సీసం ఉన్న పాత సోల్డర్ వైరు 183 డిగ్రీలకే కరిగి చక్కగా పారుతుంది, సీసం లేనివాటిలో ఎక్కువగా వాడేది 217 డిగ్రీలు దాటితే గాని కరగదు. అందుకే చేయి తిరిగిన పనివారు సైతం పాత వైరు చుట్టకే చేయి చాస్తారు. ఆ చుట్టతో సరిచేసిన ఒక్క అతుకు చాలు, బోర్డు పనికిరాకుండా పోవడానికి. కనుక సీసపు వైరును ఆ గదిలోనే ఉంచకూడదు. అది వీలుకాకపోతే ఐరన్, బిట్, స్పాంజి సహా బల్లనే వేరు చేయాలి.

విడిభాగాలు ఈ హద్దుల్లోనే ఉన్నాయని సరఫరాదారు ఇచ్చే పత్రం పార్ట్ నంబరు వారీగా ఉండాలి, సరుకు దొరకక మరో కంపెనీది పంపినప్పుడు కొత్త పత్రం అడగాలి. హద్దు దాటే అవకాశం ఎక్కువున్న పసుపు పూత స్క్రూలు, మెత్తటి పీవీసీ వైర్లు, ఎరుపు, పసుపు ప్లాస్టిక్ భాగాలను ముందు పరీక్షకు పంపాలి. చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రం సీసాన్ని, కాడ్మియాన్ని పట్టుకుంటుంది గాని, 2019 జులై 22 నుంచి వర్తిస్తున్న థాలేట్లను చూపలేదు, క్రోమియం ఏ రూపంలో ఉందో చెప్పలేదు. వాటికి ప్రయోగశాల తప్పదు. ఏదైనా పదార్థాన్ని హద్దుకు మించి వాడుకోనిచ్చే మినహాయింపు మీద ఆధారపడితే దాని గడువు తేదీ చూసుకోవాలి. సరుకు ఐరోపా నిబంధనల ప్రకారం ఉందని తయారీదారు వేసే సీఈ ముద్రకు ఆధారమైన సాంకేతిక పత్రాలను పదేళ్లు భద్రపరచాలి.

వెనక్కి వచ్చిన సరుకును ఇక్కడ అమ్ముకోవచ్చన్న ధీమా వద్దు. థాలేట్లు తప్ప మిగతా ఆరింటికీ అవే హద్దులు మన 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లోనూ ఉన్నాయి.