డేవిడ్ గిల్మర్ సోలో ఆల్బమ్‌లు ఏ వరసలో వినాలి?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ విన్నారు, అందులో గిల్మర్ గిటార్ మిమ్మల్ని వదలడం లేదు, ఇప్పుడు ఆయన సొంతంగా చేసినవి వినాలి, అంతేగా? అయితే 1978లో వచ్చిన మొదటి ఆల్బమ్ దగ్గర మొదలుపెట్టకండి. బాగుండదని కాదు, బ్యాండ్ నీడ ఇంకా పోలేదు, అంతే.

ముందు 'ఆన్ యాన్ ఐలాండ్' పెట్టండి. 2006లో, సరిగ్గా ఆయన 60వ పుట్టినరోజు నాడు విడుదలైంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి వినండి, ఎందుకంటే ఈయన వేగంగా వాయించి మెప్పించే రకం కాదు, ఒక్క స్వరం పట్టుకుని తీగను మెల్లగా వంచుతూ అది మనిషి గొంతులా పలికేదాకా లాగుతారు, మధ్యలో వదిలే ఖాళీ కూడా సంగీతమే. కీబోర్డ్ మీద పాత సహచరుడు రిచర్డ్ రైట్ ఉన్నారు, ఆయన 2008లో పోయారు.

తర్వాత నేరుగా 2024 నాటి 'లక్ అండ్ స్ట్రేంజ్'కి దూకండి. టైటిల్ పాటలో రైట్ 2007లో వాయించిన కీబోర్డ్ వినిపిస్తుంది, ఇంకో పాట కూతురు రోమనీ పాడింది. చాలా పాటలకు మాటలు రాసింది భార్య పాలీ శాంసన్.

1984 నాటి 'అబౌట్ ఫేస్', 2015 నాటి 'రాటిల్ దట్ లాక్' తీరిగ్గా వినొచ్చు. ఇటలీలోని ప్రాచీన నగరం పాంపేలో ఆయన ఇచ్చిన ప్రదర్శన (2016) మాత్రం వినడం కాదు, చూడాలి. అన్నట్టు, ఆయన నల్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ 2019 వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు పలికింది, ఆ వేలం డబ్బంతా పర్యావరణ సంస్థకే ఇచ్చేశారు.