పండోరాని ఇంటి స్పీకర్లలో వింటున్నారా?

అమెరికాలో ఉండి పండోరా అనే ఇంటర్నెట్ పాటల సర్వీసు వినేవాళ్లకు ఒక మాట. ఫోన్‌ని బ్లూటూత్‌తో హోమ్ థియేటర్‌కి కలపకండి. పాట మంచి పట్టులో ఉండగా ఫోన్ వస్తే రింగ్‌టోన్ ఇల్లంతా దద్దరిల్లుతుంది. ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్తే పాట తెగిపోతుంది. సోనోస్ లాంటి వైఫై స్పీకర్లయితే వాటి యాప్‌లోనే పండోరా ఖాతా కలపండి, లేదా ఫోన్‌లోంచి టీవీకి తగిలించే క్రోమ్‌కాస్ట్ అనే పరికరానికి పంపండి. అప్పుడు పాట ఫోన్ మీద ఆధారపడదు, నేరుగా ఇంటర్నెట్ నుంచే వస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. పాట నచ్చితే పైకి, నచ్చకపోతే కిందికి తిరిగిన బొటనవేలి బొమ్మ నొక్కుతాం కదా, పండోరా మన అభిరుచిని ముఖ్యంగా ఆ గుర్తులతోనే పట్టుకుంటుంది, అదీ ఏ స్టేషన్‌కి (మనం పెట్టుకున్న పాటల ఛానల్‌కి) ఆ స్టేషన్ విడిగా. హాల్లో స్పీకర్ అందరిదీ కదా, మా పిల్లలు వీణ మొదలైతే చాలు, కిందికి తిరిగిన వేలు నొక్కేసేవాళ్లు. పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ నేను వినే కర్ణాటక సంగీతం స్టేషన్ అలాగే పాడైంది. వాళ్లకు వేరే స్టేషన్ పెట్టాను. పాడైనదాన్ని మాత్రం వదిలేయలేదు. స్టేషన్ పేజీలో పాత గుర్తులన్నీ కనిపిస్తాయి, అక్కర్లేనివి ఒక్కొక్కటే తీసేశాను. కొద్ది రోజులకే మళ్లీ వీణ వినబడింది.